తాళ్ళ మిషను తాయారమ్మ

తాడేపల్లిగూడెం దగ్గర మంగతాయారు గారి ఇల్లెక్కడండీ అని అడిగితే ఎవరైనా బుర్ర గోక్కుంటారు. తాళ్ళ మిషను తాయారమ్మ గారి ఇల్లు అనండి, ఆటో నడిపే మనిషి మారు మాట్లాడకుండా తీసుకెళ్ళి ఒక కొబ్బరి తోట ముందు దింపుతాడు. అక్కడ దిగాక ఇంకెవర్నీ అడగక్కర్లేదు. కొబ్బరి మొవ్వుల మధ్య నుంచి, ఇనప కమ్మీలతో నిచ్చెనలా అల్లిన పొడవాటి బూమ్ ఒకటి ఆకాశంలోకి లేచి ఉంటుంది. దాని కొస నుంచి ఉక్కు తాళ్ళకు వేలాడుతూ, నలుగురు కూర్చుని పేకాడుకునేంత బకెట్టు. కింద ఇనప పట్టాల మీద కూర్చున్న తుప్పు రంగు క్యాబిన్. ఆ క్యాబిన్ మెట్టు మీద కూర్చుని అరవై దాటిన ఆవిడ ఒకరు చేటలో బియ్యం ఏరుకుంటూ ఉంటే, ఆవిడే మంగతాయారు.

ఈ కాలం వాళ్ళకు తవ్వే మిషను అంటే పొక్లెయినే. మోచెయ్యి మడిచినట్టు మడుస్తుంది, చాపినట్టు చాపుతుంది, అంతా ఆయిల్ గొట్టాల మహిమ. తాళ్ళ మిషనుకు మోచెయ్యి లేదు. ఒక తాడు బకెట్టును పైకెత్తుతుంది, ఇంకో తాడు మిషను వైపు లాగుతుంది, అంతే సరంజామా. మరి బకెట్టు దూరంగా వెళ్ళి పడేదెలా అంటారా? అదే ఆపరేటరు విద్య. బకెట్టును తన దగ్గరికి లాక్కుని వదిలేస్తాడు. అది ఉయ్యాలలా ముందుకు ఊగి బూమ్ కొసను దాటుతుంది. దాటిన ఆ క్షణాన ఎత్తే తాడును కూడా వదలాలి. రెప్పపాటు ముందు వదిలితే బకెట్టు కాళ్ళ దగ్గర కూలబడుతుంది. రెప్పపాటు ఆలస్యమైతే వెనక్కి వచ్చి ఎవరి కొంపైనా ముంచుతుంది. సరిగ్గా వదిలితే మాత్రం బూమ్‌కు అవతల, మిషను చెయ్యి చేరలేని చోట పోయి మట్టిలో దిగుతుంది. దాన్ని ఆపరేటర్లు విసురు అనేవారు. ఆఫీసు వాళ్ళు ఈ మిషనును డ్రాగ్‌లైన్ అంటారు, అననివ్వండి.

మంగతాయారు ఆ విసురును మొదటిసారి చూసింది కొత్త కోడలిగా ఉన్నప్పుడు. ఊరి కింద మురుగు కాలవ పూడిపోయి ఏటా చేలు మునుగుతుంటే, పూడిక తీయడానికి ఒక తాళ్ళ మిషను వచ్చింది. అప్పట్లో ఒక ఆచారం ఉండేది. తవ్వకం మొదలుపెట్టే చోట గట్టు పక్క చేను ఎవరిదో, ఆ ఇంటి కోడలు వచ్చి బకెట్టు పళ్ళకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. నేలతల్లిని కొరికే పళ్ళు కదా, వాటికి మర్యాద జరగాలి. అయితే కోడలి పని అక్కడితో సరి. మిషను మెట్టు మీద ఆడమనిషి కాలు పెట్టకూడదు. పెడితే మిషను దిగబడిపోతుందని ఆపరేటర్లకు గట్టి నమ్మకం. చెయ్యి పనికొచ్చిన మనిషికి కాలు ఎందుకు పనికిరాదని అడిగినవాళ్ళు లేరు.

ఆ రోజు ఆపరేటరు చిట్టిబాబు అనే బక్కపలచని మనిషి. కొల్లేటి లంక ఊరివాడు, క్రైస్తవుడు. కోడలు పళ్ళకు పసుపు రాస్తున్నంతసేపూ ఆయన సీట్లో కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. రెండు మర్యాదలూ అయ్యాక లివర్లు పట్టుకున్నాడు. ఇంజను అందుకుంది, గట్టు అదిరింది, పసుపు పళ్ళ బకెట్టు నేల విడిచి లేచింది. మిషను దగ్గరికి వచ్చి, ఆగినట్టే ఆగి, ఒక్క ఊపున బూమ్‌ను దాటి, కాలవ మీద గాలిలో నిలబడింది. టన్ను ఇనుము, ఏ బరువూ లేనట్టు నిలబడింది. తరవాత కొల్లేటి మనిషి చేతి వల విసిరినంత సుళువుగా ఆవలి ఒడ్డు నీళ్ళలోకి దిగిపోయింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మంగతాయారు కొట్టలేదు. పసుపు చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని నిలబడిపోయింది, కొత్త పట్టుచీర కాస్తా మరకలైపోయింది. ఒక మనిషి ఇంత బరువును ఇంత దూరం పంపగలడా అని ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, నేను పంపగలనా అని. ఆ ఆలోచన మళ్ళీ ఆమెను వదిలిపెట్టలేదు.

అప్పటి నుంచీ అదొక పిచ్చి. కొందరికి చీరల పిచ్చి, కొందరికి సినిమాల పిచ్చి, తాయారమ్మకు పాత తవ్వుడు మిషన్ల పిచ్చి. జంగారెడ్డిగూడెంలో బంధువుల పెళ్ళికి వెళ్ళి తలంబ్రాల వేళకు మాయమైపోతే, చుట్టాలంతా కంగారుపడి వెతికారు. ఆవిడ ఊరి బయట క్వారీలో తాళ్ళతో రాయి తవ్వే పాత మిషను ఒకటి ఉందని విని, అక్కడ పట్టుచీరతో నిలబడి దాని పళ్ళు లెక్కపెడుతోంది. తణుకులో ఆడపడుచు ఇంటికి వెళితే ఆడపడుచుతో గడిపేది కాఫీ తాగినంతసేపు, కాలవ గట్టున పడి ఉన్న, పూడిక తీసే తుక్కు డ్రెడ్జరు దగ్గర గడిపేది పూటంతా. ఏలూరులో పాత మిషన్లను పడేసిన యార్డు ఒకటుంటే, అక్కడి వాచ్‌మన్‌కు ఏటా మామిడిపళ్ళ బుట్ట పంపేది. ఆయన గేటు తీస్తే లోపల గడ్డిలో కూలబడిన మిషన్ల మధ్య ప్రదక్షిణం చేసినట్టు తిరిగి వచ్చేది.

ఆమె భర్త వెంకట్రాజు వేళాకోళం మనిషి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు, మా ఆవిడ అడుసు తొక్కే మిషన్లకు కాళ్ళు కడుగుతుంది అని పదిమందిలో అనేవాడు. అంటూనే స్కూటరు తీసి ఆవిడ ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఇలాంటి మొగుళ్ళను నమ్మవచ్చునని నా అభిప్రాయం.

నవ్వేవాళ్ళు నవ్వుతుంటే మంగతాయారు ఒకటే చెప్పేది. ఉప్పుటేరు దాకా వెళ్ళే ఈ మురుగు కాలవలన్నీ, కొల్లేటి చుట్టూ ఉన్న చేపల చెరువులన్నీ, వాటి గట్లూ, ఆ గట్ల మీది రోడ్లూ ఒకప్పుడు ఒక్కొక్క బకెట్టుగా గాలిలో ఎగిరిన మట్టే. మనం నడిచే నేల ఆకాశంలో ఎగిరొచ్చిన నేల అని తలుచుకుంటే కాలు మోపడానికే భయమేస్తుంది అనేది. ఆ మాట విన్నాక నాక్కూడా ఆ గట్ల మీద నడిచేటప్పుడు ఏదోలా ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఏలూరు యార్డు ఖాళీ చేశారు. మిషన్లన్నీ తుక్కు కొట్టుకు పోతున్నాయని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. మంగతాయారు వెళ్ళేసరికి గ్యాస్ కట్టర్ల వెలుగులో ఒక్కొక్కటీ ముక్కలవుతోంది. చివరి వరసలో ఒక్క తాళ్ళ మిషను మిగిలింది. దాని పట్టా మీద కూర్చుని, ఇది నేను కొంటాను, నన్ను కొయ్యకుండా దీన్ని కొయ్యలేరు అని తుక్కు వ్యాపారితో చెప్పింది. ఇంట్లో కొత్త గదులు కట్టుకుందామనుకున్న సొమ్ము దానికే పోయింది. ఊరివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వెంకట్రాజు మాత్రం, గదిలో పడుకోవడమెందుకు, క్యాబిన్లో పడుకుందాం అని సర్దుకున్నాడు.

గూడెంలో డీజిల్ మెకానిక్ ఆనంద్ పాల్ ఏడాదిపాటు వచ్చీ పోతూ ఆ ఇంజనుకు ప్రాణం పోశాడు. మంగతాయారు రోజూ మిషనెక్కి దులిపేది, తుడిచేది. దసరా వస్తే ఆయుధపూజ చేసి, పసుపు కుంకాలు పెట్టి, చేటంత మొహంతో హారతి ఇచ్చేది. ఇంజను అందుకున్న రోజున ఊరంతా తోటలోనే ఉంది. ఆనంద్ పాల్ లివరు లాగాడు, బకెట్టు లేచింది, ఊగింది, తప్పు వేళకు వదిలేసరికి మిషను ముందరే చతికిలబడి కొబ్బరి బోదె ఒకటి విరిచింది. ఆయన దిగి వచ్చి, ఇంజను వరకూ నా పనండి, విసురు నా చేతిలో లేదు, ఈ జిల్లాలో ఎవరి చేతిలోనూ లేదేమో అన్నాడు. ఫోన్లో వీడియోలు కూడా చూశారు. ఫోన్లో చూసి ఈత నేర్చుకున్నవాడు ఎవడైనా ఉంటే చెప్పండి.

అప్పుడు మంగతాయారుకు చిట్టిబాబు గుర్తొచ్చాడు. ఉన్నాడో లేడో తెలియదు. వెంకట్రాజు ఆకివీడులో తెలిసినవాళ్ళ ద్వారా ఆరా తీస్తే, ఉన్నాడనీ, లంక ఊళ్ళోనే భార్యతో ఉంటున్నాడనీ, అయితే నీటికాసులు వచ్చి ఒక కన్ను పోయిందనీ, రెండో కన్ను కూడా మసకబారిపోతోందనీ, ఈ వేసవి దాటితే అదీ ఉంటుందో లేదో అని ఏలూరు డాక్టరు అన్నాడనీ తెలిసింది. మంగతాయారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఒక్క కన్నూ ఆరిపోతే విసురు కూడా ఆయనతోనే పోతుంది. మిషను దొరికింది, ఇంజను తిరిగింది, ఆ ఒక్కటీ లేకపోతే తోటలో ఉన్నది బొమ్మే.

మర్నాడే భార్యాభర్తలు బయల్దేరారు. దారంతా రెండు పక్కలా చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళ మీద కొంగలు. చిట్టిబాబు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పసుపు రాసిన కోడలు అనగానే గుర్తుపట్టి, మంచం వాల్పించి, భోజనం చేసి వెళ్ళాల్సిందే అన్నాడు. ఆయన భార్య కృపమ్మ కొర్రమేను పులుసు పెట్టింది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వడ్డిస్తున్నంతసేపూ మంగతాయారు తాళ్ళ మిషను సంగతి చెబుతుంటే చిట్టిబాబు ముఖం వెలిగిపోయింది. ఎక్కడ దొరికిందని అడిగాడు. ఏలూరు యార్డులో అని చెప్పి, క్యాబిన్ తలుపు మీద అడుగు పొడుగున సొట్ట ఉందని కూడా చెప్పింది. ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

అది ఆయన మిషనే. ఆ సొట్ట కొల్లేట్లో దిగబడినప్పటిది. దాన్ని పైకి లాగడానికి ఒక వానాకాలం పట్టింది, లాగేటప్పుడు గొలుసు తెగి తలుపుకు తగిలింది. ఆ కథ చెప్పి, వస్తాను, విసురు వేసి చూపిస్తాను, నేర్పమంటే మీవారికి నేర్పుతాను అన్నాడు. నేర్చుకునేది ఆయన కాదండి, నేను అని మంగతాయారు అంది.

చిట్టిబాబు తల అడ్డంగా ఊపాడు. "ఆడమనిషెక్కితే మిషను దిగబడిపోద్దండి అమ్మగారూ. ఎవరో చెప్పింది కాదు, నా కళ్ళతో చూశాను. ఆ రోజు మా ఇంటిది క్యారియర్ అందించడానికి మెట్టెక్కింది. సాయంత్రానికల్లా క్యాబిన్ దాకా ఒండ్రులోకి పోయింది."

కృపమ్మ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. తల ఎత్తలేదు. మంగతాయారు ఆవిడ వంక చూసింది, చిట్టిబాబు వంక చూసింది. ఆ మసక కన్నే ఆమెకు కనిపించింది, వేసవి దాటితే ఇక ఉండదు అన్న మాటే వినిపించింది. సరేనండి, మీ మాట ప్రకారమే, నేను ఎక్కను, మీరు వచ్చి వేస్తే చాలు అనేసింది.

తిరిగి వస్తూ చెరువుల దారి దాటాక వెంకట్రాజు, "ఆవిడ చేతి పులుసు తిని, ఆవిడ ముందే ఆ మాటకు ఊఁ అన్నావు తాయారూ" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ ఊళ్ళో కృపమ్మను మిషను ముంచిన కృపమ్మ అంటారనీ, కొత్త పడవ నీళ్ళలోకి దింపేటప్పుడు ఆవిడను గట్టు మీదికి కూడా రానివ్వరనీ ఆకివీడు టీ కొట్టులో వెంకట్రాజు అప్పటికే విన్నాడు, అదంతా ఆమెకు చెప్పాడు. ముప్పై ఏళ్ళు దాటిపోయినా కొత్త పడవ దిగే రోజున కృపమ్మ తలుపేసుకుని ఇంట్లోనే ఉంటుందట. అది విన్నాక మంగతాయారుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి వెళ్ళి మాట తిప్పుకోలేదు. ఆశ అలాంటిది, మనిషిని చిన్నది చేసేస్తుంది.

అన్నట్టుగానే చిట్టిబాబు వచ్చాడు. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి చెయ్యి పట్టుకుని నడిపించడానికి కృపమ్మ కూడా వచ్చింది. వెంకట్రాజుకు తోట చివర ఒక చిన్న చేపల చెరువుంది, వేసవికి నీళ్ళు తోడేశాడు, అడుగున పూడిక తీయాలి. ఆ చెరువు గట్టు మీదే తాటి దుంగలు పరిచి మిషను నిలబెట్టారు. మంగతాయారు బకెట్టు పళ్ళకు పసుపు రాసి దూరంగా వచ్చేసింది. కృపమ్మ అంతకన్నా దూరంగా, తన నీడ కూడా అటు పడకుండా, చెట్టు చాటున నిలబడింది. చిట్టిబాబు తలుపు మీది సొట్టను అరచేత్తో తడిమి, లోపలికెక్కి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. లివర్ల మీద ఆయన చేతులు పడగానే ఆ ముసలి వేళ్ళకు వయసు పోయింది.

బకెట్టు లేచింది. బూమ్ సగం దాకా వెళ్ళి, బ్రేకు పట్టినా ఆగకుండా జరజరా జారి, దభీమని చెరువు గట్టు మీద పడింది. మట్టి ఎగిరి వెంకట్రాజు పంచె నిండా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. చిట్టిబాబు ఇంజను ఆపి, తల బయటికి పెట్టి, ఈ మిషను మీద ఆడమనిషి ఎవరైనా ఎక్కారా అని అడిగాడు. చూస్తున్న జనం గుసగుసలు పోయారు. నలుగురైదుగురు అప్పుడే చెట్టు చాటున ఉన్న కృపమ్మ వంక తిరిగారు. ఆవిడ ఆ ఛాయలకే రాలేదు, అయినా తిరిగారు.

మంగతాయారుకు అది చూసి లోపల ఏదో తెగిపోయింది. ముందుకు వచ్చి, "నేనెక్కానండి. రెండేళ్ళ నుంచి రోజూ ఎక్కుతున్నాను" అంది. దులుపుతున్నాననీ, తుడుస్తున్నాననీ, దసరాకు పూజ చేసి, తిరిగే చోటల్లా కీచుమనకుండా ఆముదం పూస్తున్నాననీ మొత్తం చెప్పేసింది.

చిట్టిబాబు, ఆముదం ఎక్కడెక్కడ పూశారని అడిగాడు. తాళ్ళు చుట్టుకునే డ్రమ్ముల మీది పట్టీలకు ఎక్కువ పూశాననీ, అవి మరీ ఎండిపోయినట్టు కనిపిస్తే జాలేసిందనీ ఆమె చెప్పింది. ఆయన కిందికి వంగి బ్రేకు పట్టీని వేలితో తడిమాడు, వాసన చూశాడు. ముఖంలో కోపం లేదు, నవ్వు వచ్చేలా ఉంది. ఆ పట్టీ పొడిగా ఉంటేనే డ్రమ్మును పట్టుకుంటుంది. దానికి నూనె తాగించి, తలంటు పోసి, మూడేళ్ళ పిల్లను చూసుకున్నట్టు చూసుకున్నారు తాయారమ్మ గారు. ఆనంద్ పాల్ తల పట్టుకున్నాడు. ఇంజను మీద ఉన్న ధ్యాసలో పట్టీలు ఆయన కూడా చూడలేదు. ఆ రోజు కొబ్బరి బోదె విరగడంలో ఆముదం వాటా కూడా ఉందన్నమాట.

"ఈ నూనెకి ఎవరెక్కినా జారిపోద్దండి. నేనెక్కినా అంతే, బిషప్ గారెక్కినా అంతే" అన్నాడు చిట్టిబాబు.

జనం నవ్వారు. మంగతాయారు నవ్వలేదు. మెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. తను అడగబోయే మాటకు ఆ పెద్దాయన లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చునని ఆమెకు తెలుసు. వెళ్ళిపోతే విసురు పోయినట్టే. అయినా అడిగింది. "ఇది ఆముదం వల్ల జారిందండి, నా కాలు వల్ల కాదు. మరి కొల్లేట్లో ఎందువల్ల దిగబడింది చిట్టిబాబు గారూ?"

ఆయన చేతులు లివర్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అందరికీ వినపడేలాగే చెప్పాడు. కొల్లేటి నేల వేసవిలో పైన పెచ్చు గట్టిగా ఉంటుంది, కింద పెరుగులాంటి ఒండ్రు. మిషను ముందుకు జరిగినప్పుడల్లా వెనకనున్న తాటి దుంగలు తీసి ముందు పరుచుకుంటూ పోవాలి. ఆ రోజు గుడ్‌ఫ్రైడే ముందు రోజు. చీకటి పడేలోగా పని ముగించుకుని ఊరు చేరాలని తొందరపడి, దుంగలు పరవకుండానే పెచ్చు మీద నడిపించాడు. దిగబడ్డాక చేరినవాళ్ళలో ఎవరో మెట్టు మీద ఆడదాని కాలిముద్ర ఉందన్నారు.

"నేను ఊరుకున్నానండి" అన్నాడు. "వాళ్ళన్నారు, నేను ఊరుకున్నాను. తరవాత తరవాత నాకూ అదే నిజమనిపించింది."

చెట్టు చాటు నుంచి కృపమ్మ వచ్చింది. నెమ్మదిగా, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, గట్టు మీదికి నడిచి వచ్చి మంగతాయారు పక్కన ఆగింది.

"నాకు ఆ రోజే తెలుసండి" అంది భర్తతో. "దుంగలు వెనకే ఉన్నాయి. క్యారియర్ పట్టుకుని వాటి మీద నుంచే నడిచొచ్చాను. చెప్తే మీ ఉద్యోగం పోద్దని చెప్పలేదు."

వెంకట్రాజు తువ్వాలుతో పంచె మీది మట్టి దులుపుకోబోయి, అలాగే ఆగిపోయాడు. మంగతాయారుకు కన్నీళ్ళు ఆగలేదు. ఆమె జీవితమంతా పెద్ద పెద్ద బరువులు చూసి ఆశ్చర్యపోయిన మనిషి. పక్కన నిలబడ్డ ఈ సన్నపాటి ఆవిడ ఇన్నేళ్ళూ మోసినది ఏ ఇనప తాడూ ఎత్తలేదని ఆమెకు అనిపించింది, ఆవిడ చెయ్యి పట్టుకుంది. చిట్టిబాబు సీట్లోంచి దిగలేక దిగి, భార్య ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు, నేను కూడా కల్పించి చెప్పను.

ఆ పూటంతా పట్టీలు శుభ్రం చేయడంతోనే సరిపోయింది. కిరసనాయిలు గుడ్డలతో తుడిచి, గూడెం బియ్యం మిల్లు నుంచి ఊక బూడిద బస్తా తెప్పించి, పట్టీలకు దట్టించి, తాగిన ఆముదమంతా కక్కించారు. బూడిద చల్లింది కృపమ్మ, రుద్దింది మంగతాయారు. ఇద్దరూ మోచేతుల దాకా నల్లగా అయిపోయారు. చిట్టిబాబు పక్కన కూర్చుని వేలితో తడిమి, ఇంకా ఉంది, ఇంకా రుద్దండి అంటూ ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ గట్టు మీద చేరారు. మంగతాయారు మెట్టు దాకా వెళ్ళి ఆగిపోయి, ముందు మీరెక్కండి కృపమ్మ గారూ అంది. విసురు వేయడానికి ఎక్కాలని ఇన్నేళ్ళూ తను కలగన్న మెట్టు అది, అయినా ఆ మాట అనడానికి ఆమెకు కష్టమనిపించలేదు. కృపమ్మ మొగుడి వంక చూసింది. అప్పటికే క్యాబిన్లో ఉన్న చిట్టిబాబు పైనుంచి చెయ్యి అందించాడు. ఆవిడ ఎక్కింది. మిషను వెంట్రుకవాసి కూడా కుంగలేదు, కుంగుతుందని ఎదురుచూసినవాళ్ళు పాపం చాలాసేపు పట్టాల వంకే చూశారు.

చిట్టిబాబు విసురు వేశాడు. అది చూడాలి గానీ చెప్పేది కాదు. బకెట్టు ఆయన ఒళ్ళోకి వస్తున్నట్టు వచ్చి, తాడు ఒక్కసారి పాడి, బూమ్ కొస దాటి, పొద్దుటి ఎండలో పళ్ళు మెరుస్తూ తేలి, చెరువు నడిమధ్యకు దిగింది. పొక్లెయిన్లు నడిపే కుర్రాళ్ళు కొందరు గుడ్లప్పగించి చూస్తూ, చేతిలో ఫోన్లున్నాయన్న సంగతే మరిచిపోయారు. మంగతాయారు మళ్ళీ పద్దెనిమిదేళ్ళ కోడలైపోయింది, చేతులు గుండెల మీదికి వాటంతట అవే వెళ్ళాయి.

చిట్టిబాబు సీట్లోంచి లేచి, కూర్చోండి అమ్మగారూ అన్నాడు.

మొదటిసారి బకెట్టు కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి వెనక్కి ఊగి వచ్చి బూమ్‌కు తగలబోయింది, వెంకట్రాజు కళ్ళు మూసుకున్నాడు. చిట్టిబాబు ఆమె చేతుల మీద చేతులు వేసి, కంటితో చూడొద్దనీ, కళ్ళకు ఎప్పుడూ ఆలస్యమేననీ, తాడు చప్పుడు సన్నబడినప్పుడు వదలమనీ చెప్పాడు. అలా ఎన్నిసార్లు పడిందో, పూటంతా అదే పని. ఎండెక్కాక జనం చాలామంది వెళ్ళిపోయారు. కృపమ్మ మాత్రం క్యాబిన్లో ఆ మూలనే కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది, దిగమన్నా దిగలేదు.

ఇంకొక్కసారి బకెట్టు దగ్గరికి వచ్చింది. చిట్టిబాబు ఈసారి తన చేతులు తీసేశాడు. మంగతాయారు కళ్ళు మూసుకుంది. ఇంజను హోరులోంచి తాడు చప్పుడు విడిగా వినిపించింది, సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆమె వదిలేసింది. సీటు కింద బరువంతా పోయినట్టయింది. కళ్ళు తెరిచేసరికి బకెట్టు ఆకాశంలో ఉంది. తను పంపింది. టన్ను ఇనుమును తన చేత్తో పంపింది.

చిట్టిబాబు కన్ను అంత దూరం ఆనదు. మట్టిలో దిగిన చప్పుడు విని, భార్య వైపు తిరిగి, "ఎక్కడ పడిందే?" అని అడిగాడు.

కృపమ్మ మెడ చాపి చెరువులోకి బాగా చూసింది.

"మీరేసిన చోటుకి అవతల పడిందండి" అంది.

"సరిగ్గా చూశావా?"

"చూశానండి. చూసిందే చెప్తున్నాను."